బ్లూర్ వీధిలో షాపు ముందు పార్కింగ్ పోయింది, ఏం చేయాలి?

యాంకర్: టొరంటో నుంచి ఒక అక్క లైన్‌లో ఉన్నారు. చెప్పండక్కా.

శ్రోత: నమస్తే అండీ. టొరంటోకు పడమటి వైపు ఉన్న ఎటోబికోలో బ్లూర్ వీధి మీద మాకు కిరాణా షాపు ఉంది. సైకిల్ లేన్ వేశాక షాపు ముందు కారు ఆపడానికి చోటు లేదు. ఇరవై పౌండ్ల బియ్యం బస్తా సైకిల్ మీద ఎవరు తీసుకెళ్తారండీ? లేన్ తీసేయమని చుట్టుపక్కల షాపులవాళ్లు సంతకాలు సేకరిస్తున్నారు. నేనూ సంతకం పెట్టాలా వద్దా అని ఒకటే టెన్షన్.

సలహాదారు: బియ్యం సంగతి నిజమేనమ్మా. అయితే మీ దగ్గరికి ఎంతమంది కారులో వస్తున్నారో లెక్క ఉందా? ఇదే వీధిలో ఆనెక్స్ అనే పేట దగ్గర 2008లో సర్వే చేస్తే, కారులో వచ్చేవాళ్లు పదిశాతమే అని తేలింది. వ్యాపారులు అంతకంటే చాలా ఎక్కువ అనుకున్నారు. 2016లో అక్కడ 2.4 కిలోమీటర్ల లేన్ వేశాక జనం రాకా, వాళ్లు పెట్టే ఖర్చూ పెరిగాయి. 2017లో దాన్ని శాశ్వతం చేశారు.

శ్రోత: అక్కడ సబ్‌వే రైలు పక్కనే కదండీ. మా వైపు అందరికీ కార్లే.

సలహాదారు: అందుకే ఆ లెక్క మీకు సరిపోతుందని నేను అనను. ఒక వారం పాటు బిల్లు కొట్టేటప్పుడు ‘ఎలా వచ్చారు’ అని అడిగి, బిల్లు మొత్తం పక్కనే రాసుకోండి. సంతకం కంటే ఆ కాగితానికే బలం ఎక్కువ. లేన్లు తీసేయాలని అంటారియో రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో చట్టం చేసింది. తీసేయడం రాజ్యాంగ విరుద్ధమని 2025 జూలైలో కోర్టు చెప్పింది, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. అది ఎటు తేలినా మీ వ్యాపారం ఆగదు కదా. పక్క సందులో పది నిమిషాలు ఆపుకునే చోటు, సరుకు దించే చోటు కావాలని మీ కౌన్సిలర్‌కు అర్జీ పెట్టండి.

శ్రోత: సరుకు లారీ పొద్దున ఏడింటికి వస్తుందండీ. ఇప్పుడు డ్రైవర్ దాన్ని సైకిల్ లేన్‌లోనే ఆపుతున్నాడు.

సలహాదారు: వద్దమ్మా, దయచేసి ఆపనివ్వకండి. 2024 జూలైలో ఇదే బ్లూర్ మీద లేన్‌కు అడ్డంగా కట్టడాల చెత్త వేసే పెద్ద తొట్టె ఉంటే, దాన్ని తప్పించుకోవడానికి కార్ల దారిలోకి వచ్చిన ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ట్రక్కు కింద పడి చనిపోయింది. ఆ ఏడు గంటల టైమూ, లారీ పొడవూ అర్జీలో మొదటి వాక్యంలోనే రాయండి. ఆ చోటు వచ్చేదాకా సందు మలుపులో దించుకుని తోపుడు బండి మీద తెచ్చుకోండి.

శ్రోత: సరేనండీ, ఈ రోజే డ్రైవర్‌కు చెప్తాను.