పొడుగు జుట్టు చిక్కు: నొప్పి లేకుండా, తెగకుండా తీయడం (వీడియో స్క్రిప్ట్)

[దృశ్యం: స్టూలు మీద వెనక్కి తిరిగి కూర్చున్న అమ్మాయి. నడుం దాటిన జుట్టు. జడ అప్పుడే విప్పారు. కెమెరా కొసల దగ్గర మొదలై మెడ దాకా మెల్లగా పైకి.]

వాయిస్: ఇది రెండు రోజుల జడ. ఎవరి తలకైనా రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఊడడం మామూలే. జుట్టు వదిలేసుకుంటే అవి రాలిపోతాయి. జడ వేసుకుంటే పోవడానికి దారి ఉండదు. కుదురు వదిలేసిన వెంట్రుక పక్కవాటిని చుట్టుకుని జడలోనే ఉండిపోతుంది. రెండు రోజుల జడ విప్పితే అలాంటివి నూరు నుంచి రెండు వందల దాకా ఉండొచ్చు. చిక్కు అని మనం తిట్టుకునేది చాలావరకు వీటి పనే. అందుకే జడ విప్పగానే దువ్వెన పట్టుకోవద్దు. ముందు వేళ్లు.

[క్లోజప్: విడదీసిన వేళ్లు పాయలోకి దూరి, కొసలవైపు జారుతున్నాయి. రెండు వెంట్రుకలు చేతికి వచ్చేశాయి.]

వేళ్లు ఎడంగా పెట్టి పైనుంచి కిందికి జార్చండి. ఎక్కడ ఆగితే అక్కడే చేయి బయటికి తీసేయండి, లాగొద్దు. ఊడిన వెంట్రుక అయితే కాస్త పట్టుకోగానే వచ్చేస్తుంది. తల చుట్టూ ఒక విడత ఇలా చేస్తే, గట్టి ముడులు ఎక్కడున్నాయో చేతికే తెలుస్తుంది. ఎక్కువగా మెడ వెనక ఉంటాయి. చొక్కా కాలరు, దిండు, మెడలో గొలుసు రాసుకునేది అక్కడే.

పూలు పెట్టుకున్న జడ అయితే దండ కట్టిన దారం ముక్క, అరటి నార పోగు మిగిలిందేమో చూడండి. రబ్బరు బ్యాండు వెంట్రుకల్ని పట్టేసుకుంటే దాన్ని లాగకుండా చిన్న కత్తెరతో కత్తిరించేయండి. బ్యాండు ఖరీదెంతని!

[తెర మీద బొమ్మ: ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు వెంట్రుకలు. పైన బిగింపు, కింద వదులు. పైనుంచి ఒక దువ్వెన పన్ను దిగుతోంది.]

వాయిస్: ఇప్పుడు దువ్వెన ఎక్కడ పెట్టాలి? ఈ బొమ్మ చూడండి. పన్ను పైనుంచి దిగేకొద్దీ మెలికలన్నిటినీ కిందికి నెట్టుకుంటూ వస్తోంది. అన్నీ ఒకచోట కుప్పపడి బిగుసుకున్నాయి, పన్ను ఇరుక్కుంది. పై కొన మాడుకి అతుక్కుని ఉంది కాబట్టి మెలిక బయటపడాలంటే కింది కొస ఒక్కటే దారి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎల్. మహదేవన్ బృందం అచ్చంగా ఇలాగే రెండు మెలికల తీగల్నీ, ఒక్క పన్నునూ పెట్టి ప్రయోగాలు చేసింది. ఆ వ్యాసం 2022లో 'సాఫ్ట్ మ్యాటర్' పత్రికలో వచ్చింది. కొస దగ్గర మొదలుపెట్టి, చిన్న చిన్న దువ్వులతో పైకి జరుగుతూ పోవడమే మేలని తేలింది. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేదీ ఇదే. కాకపోతే పొద్దున బడి బస్సు వచ్చే వేళకి ఆ ఓపిక ఎవరికీ ఉండదు.

[దృశ్యం: పాపిట తీసి, చెవి నుంచి చెవికి అడ్డంగా ఇంకో గీత. నాలుగు పాయలు. మూడింటికి క్లిప్పులు.]

నాలుగు పాయలు చేసి, మూడింటిని క్లిప్పుతో పైకి పెట్టేయండి. జుట్టు ఒత్తుగా ఉంటే ఆరు. పని మెడ దగ్గరి పాయతో మొదలుపెట్టండి.

[క్లోజప్: ఎడమ చేతి పిడికిలి పాయని పట్టుకుని ఉంది. పిడికిలికి కింద నాలుగు వేళ్ల పొడవు జుట్టు. కుడి చేతిలో దువ్వెన.]

ఈ చేతిని గమనించండి, నొప్పి లేకపోవడమన్నది అంతా ఇక్కడే ఉంది. వెంట్రుకకి నొప్పి తెలియదు, మాడుకి తెలుస్తుంది. ముడికి కాస్త పైన పాయని పిడికిట్లో గట్టిగా పట్టుకుంటే, దువ్వెన లాగే లాగుడు పిడికిలి దగ్గరే ఆగిపోతుంది. పిడికిలికి పైన జుట్టు వదులుగా వేలాడుతూ ఉండాలి, చూడండి, ఇలా. పైన కూడా బిగుసుకుని ఉందంటే పట్టు చాలనట్టే.

కొసల నుంచి నాలుగు వేళ్ల మేర దువ్వండి. దువ్వెన ఆగకుండా జారేదాకా అక్కడే. తర్వాత పిడికిలి నాలుగు వేళ్లు పైకి జరపండి. కొత్తగా విడిపించిన మెలిక కింద ఎక్కడా పేరుకోకుండా ప్రతిసారీ కొస బయటికి వచ్చేదాకా దువ్వాలి. ముడి తగిలితే దువ్వెన బయటికి తీసి, ముడిని రెండు చేతుల వేళ్లతో పక్కలకి విప్పండి. కిందికి లాగితే బిగుస్తుంది, పక్కలకి విడదీస్తే వదులవుతుంది. వేళ్లకి లొంగకపోతే తోక దువ్వెన, అంటే సన్నటి మొన ఉన్న పిడి దువ్వెన, మొనతో ముడి అడుగు నుంచి రెండు మూడు వెంట్రుకల చొప్పున బయటికి తీయండి.

[దృశ్యం: బల్ల మీద మూడు దువ్వెనలు. వెడల్పు పళ్లది, మామూలుది, పేల దువ్వెన.]

మొదటి విడత వెడల్పు పళ్లదానితోనే. అది ఆగకుండా పై నుంచి కింది దాకా జారాకే మామూలు దువ్వెన. పేల దువ్వెన అన్నిటికన్నా ఆఖర్న, అదీ కండిషనర్ రాసిన తడి జుట్టులో. చిక్కు ఉండగా పేల దువ్వెన పెడితే పేలు రావు, జుట్టు వస్తుంది. కొనేటప్పుడు పళ్ల సందులో గోటితో గీకి చూడండి. అచ్చు పోసిన ప్లాస్టిక్ దువ్వెనల్లో రెండు సగాలు కలిసిన చోట సన్నటి అంచు మిగిలిపోతుంది. గోటికి గరుకుగా తగిలితే వెంట్రుకనీ అలాగే గీరుతుంది.

[తెర మీద బొమ్మ: వెంట్రుక పైపొర. కప్పు పెంకుల్లా ఒకదాని మీదొకటి పొలుసులు, అంచులు కొసవైపు.]

వాయిస్: తడిగా ఉన్నప్పుడా, ఆరాకా అని అందరూ అడుగుతారు. అది జుట్టు తీరుని బట్టి ఉంటుంది. నీళ్లు తగలగానే వెంట్రుక లోపలి హైడ్రోజన్ బంధాలు సడలుతాయి. తడి వెంట్రుక సాగుతుంది, సుమారు 30 శాతం దాకా. అంతకు మించి లాగితే మళ్లీ మునుపటిలా అవదు. పైగా పొలుసులు కాస్త లేచి ఒకదానికొకటి గీరుకుంటాయి. కాబట్టి సాఫు జుట్టు, కొద్దిగా అలలుండే జుట్టు ముప్పాతిక వంతు ఆరాక దువ్వాలి. ఉంగరాల జుట్టుకి ఇది తిరగబడుతుంది. పొడిగా దువ్వితే తెగిపోతుంది. తలంటులోనే కండిషనర్ పట్టించి, అది జుట్టు మీద ఉండగానే చిక్కు తీసి, తర్వాత కడగాలి. నడుం దాకా ఉన్న జుట్టుకి కండిషనర్ రెండు మూడు టేబుల్ స్పూన్లు పడుతుంది. మాడుకి అక్కర్లేదు, మెడ నుంచి కిందికి చాలు.

కండిషనర్‌లో ఉండే ధన విద్యుదావేశపు పదార్థాలు వెంట్రుక మీద దెబ్బతిన్న చోట్లకి వెళ్లి అతుక్కుంటాయి. అక్కడ రుణ ఆవేశం ఎక్కువ. అందుకే ఎక్కడ గరుకో అక్కడే జారుడు వస్తుంది. నడుం దగ్గరి కొస వయసు ఐదారేళ్లు, జుట్టు నెలకి సెంటీమీటరే పెరుగుతుంది మరి. కొసలకి ఎక్కువ రాయమనేది అందుకే.

పొడి జుట్టులో చిక్కు తీయాల్సి వస్తే అరచేతిలో ఒక టీస్పూన్ కొబ్బరినూనె రుద్దుకుని, ముడుల మీద అద్దండి. నూనె వద్దనుకుంటే 200 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక టీస్పూన్ కండిషనర్ గిలకొట్టి స్ప్రే చేయండి. రెండు మూడు రోజుల్లో వాడేసి, మిగిలింది పారబోయండి.

[దృశ్యం: బకెట్, మగ్గు, గిన్నెలో కుంకుడు రసం. జుట్టు వీపు మీద నిలువుగా వేలాడుతోంది.]

సగం చిక్కు తలంటులోనే పడుతుంది. జుట్టంతా నడినెత్తిన కుప్పపోసి రెండు చేతులా రుద్దితే పొలుసులు ఎదురెదురుగా ఇరుక్కుని ఉండ కడుతుంది. నిలువుగా వేలాడనిచ్చి, మాడుని మాత్రం వేళ్ల కొనలతో రుద్దండి. కిందికి జారే నురగ కొసలకి చాలు. కుంకుడు రసం పల్చటి బట్టలో రెండుసార్లు వడగట్టండి, పిప్పి జుట్టులో ఇరికితే దువ్వెనకి తగిలే మొదటి అడ్డం అదే. బోరు నీళ్లున్న ఇళ్లలో ఒంటి సబ్బు తలకి పెట్టకండి. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా జుట్టుకి పడతాయి, ఎంత కడిగినా జిడ్డుగా బిరుసుగా ఉంటుంది.

తలంటుకి ముందు కొబ్బరినూనె పెట్టే అలవాటు మంచిదే. కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెల్ని పోల్చి 2003లో వెలువడిన పరిశోధనలో వెంట్రుకలోని ప్రొటీన్ నష్టాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే.

తలారబెట్టేటప్పుడు తువ్వాలుతో జుట్టుని టపటపా కొట్టడం మానేయాలి. పాత నూలు పంచెలో పాయల్ని నొక్కి నీళ్లు పిండితే సరిపోతుంది.

[దృశ్యం: ఉండ కట్టిన పాయ. అరచేయంత వెడల్పు.]

జ్వరంతో వారాల తరబడి మంచం పట్టిన వాళ్లకి మెడ వెనక ఇలా అట్ట కడుతుంది. దీన్ని ముందే తడిపారా, ఇంకా బిగుస్తుంది. కొబ్బరినూనె బాగా పట్టించి గంటో రెండు గంటలో వదిలేయండి. అంచుల నుంచి వేళ్లతో నిలువు పాయలుగా చీల్చుకుంటూ రండి. ఎక్కడా చీలకపోతే కత్తెర నిలువుగా, వెంట్రుక పొడవు వెంట పెట్టి రెండు మూడు చోట్ల కోయండి. అడ్డంగా కోస్తే పొడుగు మొత్తం పోతుంది, నిలువుగా కోస్తే కొన్ని వెంట్రుకలే పోతాయి. ఒకే రోజు పూర్తి చేయాలని లేదు. కింద పుండ్లు, వాసన ఉంటే ముందు చర్మ వైద్యులకి చూపించండి. కొన్ని ఊళ్లలో ఇలా జడలు కడితే అమ్మవారు వచ్చిందని ముట్టుకోనివ్వరు. నమ్మకం ఎవరిది వాళ్లదే, కానీ కింద మాడు ఆరకుండా చెమటతో నానుతూ, పేలు పడుతూ ఉంటుంది.

పిల్లలు చేలగట్ల మీద ఆడొచ్చి మరులమాతంగి కాయలు జుట్టుకి అంటించుకుంటే, కాయ మీద నూనె వేసి, పట్టుకారుతో నలిపి ముక్కలు చేసి, ముక్కముక్కగా ఏరేయండి. కాయ నలిగితే దాని కొక్కేల పట్టు పోతుంది.

[క్లోజప్: తెల్ల కాగితం మీద దువ్వెనలోంచి తీసిన వెంట్రుకలు.]

పని అయ్యాక దువ్వెనలో మిగిలినవి ఒక తెల్ల కాగితం మీద పరవండి. పొడుగ్గా ఉండి, ఒక చివర చిన్న తెల్లటి బుడిపె ఉందంటే అది వయసు తీరి ఊడింది, బెంగ లేదు. రెండు చివర్లా బుడిపె లేని పొట్టి ముక్కలు మనం తెంపినవి. అవే ఎక్కువుంటే రేపు పిడికిలి ఇంకా కిందికి పట్టండి, నాలుగు వేళ్లకి బదులు రెండు వేళ్ల మేర దువ్వండి.