కొత్త లాప్‌టాప్, పాత పైథాన్ ప్రాజెక్ట్: యూవీ వాడి చూశాక నా మాట

అందరికీ నమస్కారం. ముందే ఒక విషయం చెప్పేస్తాను. నా ముందున్న ఈ లాప్‌టాప్ నేను కొన్నది కాదు. రివ్యూ కోసం పంపించారు, మూడు వారాల్లో తిరిగి ఇచ్చేయాలి. దాని వీడియో వేరేగా వస్తుంది. ఈ వీడియోకి మాత్రం నాకెవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఖాళీ మెషీన్ చేతికొచ్చింది కదా అని నా ప్రాజెక్టులన్నీ మొదటినుంచి దీంట్లో సెటప్ చేసుకున్నాను. అది చేస్తుంటేనే అనిపించింది, యూవీ గురించి విడిగా ఒక వీడియో చెయ్యాల్సిందే అని.

యూవీ అంటే ఏంటో మీలో చాలామందికి తెలుసు. ఆస్ట్రల్ అనే కంపెనీ 2024 ఫిబ్రవరిలో వదిలిన, పైథాన్ ప్యాకేజీలని దించి ప్రాజెక్ట్‌ని సెటప్ చేసిపెట్టే టూల్. రస్ట్‌లో రాశారు, ఓపెన్ సోర్స్. ప్యాకేజీలు దించడానికి మామూలుగా వాడే పిప్ కంటే ఎన్ని రెట్లు ఫాస్టో చూపించే గ్రాఫులు మీరు ఈపాటికి చూసేసి ఉంటారు. ఫాస్టే, అందులో సందేహం లేదు. నేను మాట్లాడాలనుకున్నది స్పీడ్ గురించి కాదు, ప్రాజెక్ట్ వాడే ప్రతి ప్యాకేజీ వెర్షన్‌నీ రాసిపెట్టే ఒకే ఒక్క ఫైల్ గురించి. యూవీ డాట్ లాక్.

దానికి 2024 జూన్ దగ్గరికి వెళ్లాలి. అప్పుడు ఒక క్లయింట్‌కి రోజువారీ రిపోర్టులు తీసే చిన్న ప్రాజెక్ట్ నా చేతిలో ఉండేది. కావాల్సిన ప్యాకేజీల లిస్ట్ అయిన రిక్వైర్‌మెంట్స్ డాట్ టెక్స్ట్‌లో, డేటా టేబుల్స్‌తో పనిచేసే పాండాస్ ప్యాకేజీకి 2.0.3 అని వెర్షన్ గట్టిగా కట్టేశాను. పాండాస్ లోపల వాడుకునే లెక్కల ప్యాకేజీ నంపై గురించి ఒక్క ముక్క రాయలేదు. పాండాస్ వెనకాలే అదీ వస్తుంది కదా అనుకున్నాను. నెలల తరబడి ఏ గొడవా లేదు. జూన్ 16న నంపై 2.0 రిలీజ్ అయింది. ఆ తర్వాతి వారమే మేం సర్వర్ మార్చాం. కొత్తదాంట్లో ఇన్‌స్టాల్ కొడితే సాఫీగా అయిపోయింది. రన్ చేస్తే ఇంపోర్ట్ పాండాస్ అన్న లైన్ దగ్గరే పడిపోయింది. నంపై డీటైప్ సైజ్ మారిపోయింది అంటూ ఏదో ఎర్రర్. అదే కోడ్ నా మెషీన్‌లో చక్కగా నడుస్తోంది. ఒక్క అక్షరం మార్చలేదు! రాత్రి పదకొండింటికి కూర్చుంటే కారణం దొరికేసరికి రెండున్నరైంది. పొద్దున్న 8 గంటలకి వాళ్లకి రిపోర్ట్ వెళ్లాలి.

జరిగింది ఇదీ. పాండాస్ 2.0.3ని నంపై పాత సిరీస్ మీద కంపైల్ చేశారు. కనీసం ఏ నంపై ఉండాలో అందులో రాసుంది కానీ, ఏ వెర్షన్ దాటకూడదో రాసిలేదు. కాబట్టి పిప్ తన పని తాను చేసింది, ఉన్నవాటిలో కొత్తది తెచ్చి పెట్టింది. తప్పు నాది. నా ప్రాజెక్ట్ వేటి మీద నిలబడి ఉందో నేను పూర్తిగా రాసిపెట్టుకోలేదు.

"పిప్ ఫ్రీజ్ కొడితే సరిపోతుంది కదా అన్నా" అని కామెంట్లలో అడుగుతారు. అదీ చేశాను. పిప్ ఫ్రీజ్ మీ మెషీన్‌లో ఆ నిమిషానికి ఏమున్నాయో ఫొటో తీసి ఇస్తుంది, అంతే. నేను తీసింది విండోస్‌లో. అందులో పైవిన్32 అని ఒక ప్యాకేజీ వచ్చి కూర్చుంది. అది విండోస్‌కి తప్ప ఇంకెక్కడా పనికిరాదు. అదే ఫైల్ లినక్స్ సర్వర్‌లో పెడితే ఇలాంటిది దొరకలేదని ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోయింది.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. ఇది యూవీ డాట్ లాక్. టెస్టులు నడిపే పైటెస్ట్ ప్యాకేజీ దగ్గరికి వెళ్తున్నాను. దాని కింద ఏమేం కావాలో వరసగా ఉన్నాయి. ఈ కలరామా అన్న పేరు పక్కన మార్కర్ అని ఉంది చూశారా? సిస్ ప్లాట్‌ఫామ్ విన్32 అయితేనే అని. అంటే విండోస్‌లో ఇది దిగుతుంది, లినక్స్‌లో, మ్యాక్‌లో దీన్ని వదిలేస్తుంది. ఒకే ఫైల్, మూడింటికీ పనికొస్తుంది. ఇంకొంచెం కిందికి వస్తే ప్రతి ఫైల్ పక్కనా షా 256 హ్యాష్, అంటే ఆ ఫైల్‌కి వేలిముద్ర లాంటిది, ఉంది. రేపు దిగే ఫైల్ ఇవాళ దిగినదే అని దీనితోనే సరిచూసుకుంటుంది. ఇదంతా నేను టైప్ చెయ్యలేదు. యూవీ యాడ్ పైటెస్ట్ అని కొట్టాను, అదే రాసుకుంది. నాకు ఈ టూల్ ఇంతగా నచ్చడానికి కారణం ఇదే. లాక్ ఫైల్ ఇంతకుముందు టూల్స్‌లో లేదని కాదు, ఉంది. కానీ ఇక్కడ అది మనం గుర్తుపెట్టుకుని చెయ్యాల్సిన పని కాదు. యూవీ రన్ అన్న ప్రతిసారీ లాక్ సరిగ్గా ఉందా లేదా అని ముందు చూసుకుని, తర్వాతే కోడ్ నడుపుతుంది.

ఒక్క మాట మాత్రం జాగ్రత్తగా వినండి. ఆ జూన్‌లో నేను యూవీతోనే కొత్తగా మొదలుపెట్టినా మొదటిసారి అదీ నంపై 2.0నే తెచ్చేది. లాక్ ఫైల్ చేసేది నడుస్తున్న సెట్‌ని నడుస్తున్నట్టే నిలబెట్టడం. అందుకే దాన్ని గిట్‌లో కమిట్ చెయ్యాలి. చాలామంది దాన్ని గిట్ఇగ్నోర్‌లో పడేస్తున్నారు, దయచేసి అలా చెయ్యకండి. అక్కడ ఉండాల్సింది ప్యాకేజీలు దిగే డాట్ వెన్వ్ ఫోల్డర్.

ఇప్పుడు నన్ను విసిగించిన సంగతి. మీకు సీ డ్రైవ్, డీ డ్రైవ్ అని రెండుంటే, కోడ్ డీ లో పెట్టుకునే అలవాటుంటే, ఇది మీకోసమే. యూవీ ప్రతి ప్యాకేజీని ఒక్కసారే క్యాష్‌లో దించుకుని, విండోస్‌లో హార్డ్ లింక్ పెడుతుంది. అంటే ఫైల్ ఒక్కటే, దానికి పది ప్రాజెక్టుల్లో పది పేర్లు. టార్చ్ లాంటి బండ ప్యాకేజీ పదిచోట్ల వాడినా డిస్క్‌లో ఒక్కసారే ఉంటుంది. 256 జీబీ ఎస్ఎస్‌డీతో చదువుకునే పిల్లలకి ఇది ఎంత మేలో ఆలోచించండి. కానీ హార్డ్ లింక్ ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి పనిచెయ్యదు. క్యాష్ సీ లో, కోడ్ డీ లో ఉంటే ఒక వార్నింగ్ ఇచ్చి అన్నిటినీ పూర్తిగా కాపీ చేసేస్తుంది. ఆ వార్నింగ్‌ని నేను చాలా రోజులు చదవకుండా దాటేశాను, డీ డ్రైవ్ నిండేదాకా. యూవీ అండర్‌స్కోర్ క్యాష్ అండర్‌స్కోర్ డిర్, అన్నీ క్యాపిటల్స్‌లో, ఆ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని డీ లోని ఒక ఫోల్డర్‌కి మార్చండి. మార్చాక నాకు ఆ గొడవ మళ్లీ రాలేదు.

రెండో విసుగు యూవీ పిప్ ఇన్‌స్టాల్. చాలా ట్యుటోరియల్స్‌లో ఇంకా అదే చెబుతున్నారు. అది ప్యాకేజీని దించుతుంది కానీ ప్రాజెక్ట్‌కి కావాల్సినవి రాసుకునే పైప్రాజెక్ట్ ఫైల్‌లో రాయదు, లాక్‌లోనూ రాయదు. తర్వాత యూవీ సింక్ కొడితే లాక్‌లో లేనివన్నీ తీసేస్తుంది. పొద్దున్న ఉన్న ప్యాకేజీ సాయంత్రానికి మాయం! కొత్త ప్రాజెక్ట్ అయితే యూవీ యాడ్ మాత్రమే వాడండి.

కోడ్‌లో తప్పులు పట్టి, ఫార్మాట్ సరిచేసే రఫ్ అనే టూల్ కూడా ఆస్ట్రల్‌దే. డిఫాల్ట్ రూల్స్‌తో ఆగకండి, బీ సిరీస్ కూడా ఆన్ చేసుకోండి. అందులో బీ006 ఒక్కటి చాలు. ఫంక్షన్ డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఖాళీ లిస్ట్ పెడితే పట్టుకుంటుంది. ఆ లిస్ట్ ఫంక్షన్ డిఫైన్ అయినప్పుడు ఒక్కసారే పుడుతుంది, ప్రతి కాల్‌కీ కొత్తది రాదు. ఒక కస్టమర్ డేటా ఇంకో కస్టమర్ రిపోర్ట్‌లో కనిపించేది ఇలాగే.

ప్రీకమిట్‌లో, అంటే కమిట్ కొట్టగానే ముందు నడిచే చెక్‌లలో (వీటినే హుక్ అంటారు), కూడా రఫ్‌నే పెట్టాను. మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు ఒకడు కమిట్ కొట్టగానే ఎర్రగా ఫెయిల్డ్ అని చూసి, ఆ చెక్‌లని ఆపేసే నో వెరిఫై పెట్టి దాటేయడం నేర్చుకున్నాడు. పక్కన కూర్చుని ఆ లైన్ మొత్తం చదివించాను. హుక్ ఫైల్స్‌ని మార్చింది అని ఉంది అక్కడ. అంటే ఫార్మాట్ అదే సరిచేసేసింది, మళ్లీ గిట్ యాడ్ చేసి కమిట్ కొడితే చాలు. ఆ రోజునుంచి వాడు నో వెరిఫై జోలికి పోలేదు. అలాగని హుక్‌లో టెస్టులన్నీ పెట్టకండి. ప్రతి కమిట్‌కీ నిమిషం ఆగాలంటే ఎవరైనా దాటేస్తారు. టెస్టులు సీఐలో, అంటే కోడ్ పంపగానే సర్వర్‌లో దానంతటదే నడిచే చెక్‌లలో, నడపండి. అక్కడ యూవీ సింక్‌కి లాక్డ్ అన్న ఫ్లాగ్ ఇవ్వండి. లాక్ పాతబడి ఉంటే బిల్డ్ అక్కడే ఆగుతుంది.

వాడాలా వద్దా అంటారా? కచ్చితంగా వాడండి. వెర్షన్ నంబర్ ఇంకా సున్నాతో మొదలవుతోందని జంకేవాళ్లున్నారు, నాకు ఆ భయం లేదు. ఎందుకో చూపిస్తాను. ఆ 2024 రిపోర్టుల ప్రాజెక్ట్‌ని తర్వాత యూవీకి మార్చి, నంపై 2 కంటే తక్కువ ఉండాలని హద్దు పెట్టి, లాక్ కమిట్ చేశాను. ఈ లాప్‌టాప్‌లో అసలు పైథానే లేదు. యూవీ పెట్టాను, గిట్ క్లోన్ చేశాను, యూవీ సింక్ కొట్టాను. పైథాన్ వెర్షన్ ఫైల్‌లో 3.11 అని చూసి అదే దించుకుంది. ఇదిగో, నంపై 1.26.4, పాండాస్ 2.0.3. ఇప్పుడు మీ ముందే రన్ చేస్తున్నాను... వచ్చేసింది రిపోర్ట్.