రెండోసారి వెళ్లి అడగండి

శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు పక్కపక్క ఇళ్లలో పెరిగే కుక్కల గురించీ, పిల్లుల గురించీ మాట్లాడుకుందాం. వాటికన్నా, వాటిని పెంచుకునే మన గురించే ఎక్కువ మాట్లాడుకోవాల్సి ఉంది.

కుక్కను పెంచుకునేవాళ్ల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. "మావాడు ఏమీ చెయ్యడండీ." ఆ మాట అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఇంట్లో ఆ కుక్క పసిపిల్లల పక్కనే పడుకుంటుంది. వచ్చినవాళ్ల చేతులు నాకుతుంది. కొన్ని ఇళ్లలోనైతే ఆ ఇంటి పిల్లితో కలిసి ఒకే దుప్పటి మీద నిద్రపోతుంది. అందుకే వాళ్లకంత నమ్మకం. కానీ సొంత ఇంటి పిల్లితో స్నేహంగా ఉండే కుక్క, గోడ దూకి పరిగెత్తే పక్కింటి పిల్లితో కూడా అలాగే ఉంటుందని ఏమీ లేదు. ఇంట్లో పిల్లి దానికి తన మనిషి. బయట పరిగెత్తే పిల్లి దానికి కేవలం పరిగెత్తే ప్రాణి.

ఆ పరుగులోనే ఉంది విషయమంతా. కుక్క వేటలో కొన్ని మెట్లున్నాయి. కన్ను పడటం, పొంచి నడవడం, వెంటపడటం, పట్టుకోవడం, విదిలించి చంపడం. మనుషులు తమ పనులకు తగ్గట్టు కుక్కలను ఎంచి పెంచుతూ వచ్చారు. గొర్రెలను మళ్లించే బోర్డర్ కోలీలో పొంచడం, వెంటపడటం ఉంచి, కరవడం తగ్గించారు. గ్రేహౌండ్‌లో పరుగు పెంచారు. ఎలుకల్ని పట్టడానికి పెంచిన టెర్రియర్లలో పట్టుకుని విదిలించే గుణాన్ని పెంచారు. కాబట్టి కుక్కకు పిల్లి మీద పగ లేదు, కోపం కూడా లేదు. పిల్లి పరిగెత్తింది, కుక్క వెంటపడింది. అది మంచి కుక్కే. మంచి కుక్క కూడా ఈ పని చేస్తుంది. ఈ మాట కుక్క యజమానులు మనసులో పెట్టుకోవాలని నా కోరిక.

పిల్లి సంగతి వేరు. కుక్క కనీసం 15 వేల ఏళ్లుగా మనతో ఉంది, మన మాట వినడం నేర్చింది. పిల్లి సుమారు 10 వేల ఏళ్ల కిందట, మనుషులు దాచుకున్న ధాన్యం దగ్గర ఎలుకలుంటే వాటి కోసం తనంతట తాను వచ్చింది. హద్దులు తనకూ ఉన్నాయి, కానీ వాటిని వాసనతో గీసుకుంటుంది. మనం కట్టిన కాంపౌండ్ గోడ దానికి హద్దు కాదు, నడిచే దారి.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన రెండు ఇళ్ల కథ చెబుతాను.

ఒక ఇంట్లో రిటైరైన టీచర్ గారు. ఆవిడకొక బూడిదరంగు ఆడపిల్లి. పక్కింట్లో ఒక అబ్బాయి, అతని భార్య. వాళ్లకొక టెర్రియర్ కుక్క, చూడటానికి చిన్నదే. రెండు ఇళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. పిల్లికి ఆ గోడ మీద కూర్చోవడం అలవాటు. కుక్క కింద నిలబడి అరవడం అలవాటు. ఆ అరుపుల మీద రెండు ఇళ్లకూ అంతకుముందే చిన్న చిన్న మాటలు నడిచాయి.

ఒక సాయంత్రం పిల్లి గోడ దిగి పక్కింటి పెరట్లోకి వెళ్లింది. అదే సమయానికి అబ్బాయి వీధి నుంచి వచ్చి తలుపు తీశాడు. కుక్క అతని కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయింది. పిల్లి పరుగు. వెనకాలే కుక్క. గోడ మొదట్లో పట్టేసింది, రెండుసార్లు విదిలించింది. అబ్బాయి పరిగెత్తుకెళ్లి గట్టిగా అరిచేసరికి వదిలేసింది. పిల్లి ఒక్క ఎగురున గోడెక్కి, ఇంట్లోకి పోయి, మంచం కింద దూరింది.

అబ్బాయి వెంటనే ఆవిడ గుమ్మంలోకి వెళ్లాడు. ఇది అందరూ చేసే పని కాదు, అతను చేశాడు. "పిన్నిగారూ, పొరపాటైపోయింది, నన్ను క్షమించండి" అన్నాడు. ఇద్దరూ కలిసి టార్చి వేసి మంచం కింద చూశారు. పిల్లి కూర్చునే ఉంది. రక్తం కనిపించలేదు. చేయి పెట్టి వీపు తడిమితే ఒకచోట బొచ్చు కాస్త తడిగా తగిలింది. అది కుక్క లాలాజలం అనుకున్నారు. ఆవిడ ఊపిరి పీల్చుకుని, "గోడ ఎక్కింది కదా, ఫర్వాలేదులే బాబూ" అంది. అతను ఇంటికొచ్చాడు.

చాలా ఇళ్లలో కథ ఇక్కడితో ఆగిపోతుంది. అడిగాం, క్షమించమన్నాం, వాళ్లు సరేనన్నారు, అయిపోయింది అనుకుంటాం. రెండు రోజుల తర్వాత పిల్లి చచ్చిపోతే, ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఇక జన్మలో మాటలుండవు.

ఈ అబ్బాయి మాత్రం రాత్రి భోజనం ముందు రెండోసారి వెళ్లాడు. రెండోసారి. ఒక్క మాట అడిగాడు. "పిన్నిగారూ, అది ఏమైనా తిన్నదా?"

తినలేదు. పిలిస్తే రాలేదు. మంచం కింద నుంచి కదలలేదు. ఆవిడ దాన్ని నిద్రపోతోందనుకుంది. అతను టార్చి వేసి చూస్తే, కళ్లు తెరిచే ఉంది, పొట్ట గబగబా ఎగిరిపడుతోంది. తువ్వాలులో చుట్టి, గాలి ఆడేలా కన్నాలున్న అట్టపెట్టెలో పెట్టి, ఇద్దరూ కలిసి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు ఆ తడి ఉన్నచోట బొచ్చు గొరిగారు. పైన రెండే రెండు చిన్న రంధ్రాలు, గుండుసూదితో గుచ్చినంత. కానీ ఆ రంధ్రాల కింద చర్మం కండ నుంచి విడిపోయి, జేబులా వదులుగా ఊగుతోంది. ఎక్స్‌రే తీస్తే ఒక పక్కటెముక విరిగి ఉంది.

కుక్క కాటు గురించి మనకు తెలియాల్సింది ఇదే. పిల్లి చర్మం వదులుగా ఉంటుంది. కోర పన్ను చర్మంలోంచి లోపలికి దిగుతుంది, కుక్క విదిలిస్తుంది, లోపల కండ చీలుతుంది, నలుగుతుంది. చర్మం మాత్రం మళ్లీ తన చోటికి వచ్చి కూర్చుంటుంది. పైన బొచ్చు కప్పేస్తుంది. లోపల పక్కటెముకలు విరగొచ్చు, ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. కుక్క నోట్లోని సూక్ష్మజీవులు ఆ నలిగిన కండలో పెరిగి చీము పట్టొచ్చు. అందుకే, కుక్క నోట పడిన పిల్లిని, చూడటానికి బాగానే ఉన్నా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. గోడ ఎక్కింది కాబట్టి బాగుందని అనుకోవద్దు. భయంలో ఉన్న పిల్లి విరిగిన ఎముకతో కూడా గోడ ఎక్కుతుంది. నొప్పిని దాచుకోవడం పిల్లి స్వభావం.

ఏం చూడాలి? తిన్నదా, లేదా. దాక్కుందా. నోరు తెరిచి ఊపిరి తీస్తోందా. చిగుళ్లు పాలిపోయాయా. వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి.

ఇంకొక్క మాట, దయచేసి గుర్తు పెట్టుకోండి. నొప్పి తగ్గుతుంది కదా అని మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి ఎప్పుడూ వేయకండి. ఆ మందును విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ప్రేమతో చేసిన పని వల్ల పోయిన ప్రాణాలు ఉన్నాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ బూడిదరంగు పిల్లి బతికింది. గాయం శుభ్రం చేసి, కుట్లు వేసి, మందులిచ్చారు. డబ్బు అబ్బాయి కట్టబోతే, "నా పిల్లి మీ పెరట్లోకి వచ్చింది, సగం నాది" అని ఆవిడ పట్టుబట్టింది. అంతకుముందు అరుపుల గురించి మాటలు పడిన ఇద్దరే వీళ్లు. ఖర్చు సంగతిలో నా అభిప్రాయం కూడా చెబుతాను. అడిగేదాకా ఆగకుండా కుక్క యజమానే ముందు ఖర్చు తనదని చెప్పాలి. బలం ఉన్న జంతువును పెంచుకున్నవాళ్ల మీద బాధ్యత ఎక్కువ. అవతలివాళ్లు సగం పెట్టుకుంటామంటే అది వాళ్ల మంచితనం.

అలాగని పిల్లి యజమానులకు బాధ్యత లేదని కాదు. పిల్లి తెల్లవారుజామునా, సాయంత్రం చీకటి పడే వేళా ఎక్కువగా తిరుగుతుంది. చాలామంది కుక్కల్ని బయటికి తీసే వేళలూ అవే. ఆ రెండు పూటలా పిల్లిని లోపల ఉంచితే సగం గొడవలు ఉండవు. మగపిల్లికి ఆపరేషన్ చేయిస్తే దూరం తిరగడం, పోట్లాటలు, గోడల మీద మూత్రం చిమ్మడం బాగా తగ్గుతాయి. పక్కింటివాళ్ల మొక్కల మధ్య మన పిల్లి మట్టి తవ్వి మలవిసర్జన చేస్తుంటే, వాళ్ల చిరాకు న్యాయమైనదే. ఇంట్లో శుభ్రమైన ఇసుక తొట్టి పెట్టడం మన పని.

దెబ్బ తగిలేది పిల్లికే కాదు. దారి మూసుకుపోయిన పిల్లి వెనక్కి తిరిగి ముఖం మీద కొడుతుంది. కుక్క కన్ను సగం మూసి, నీరు కారుస్తుంటే గోరు గీరి ఉండొచ్చు. కంటి గాయం వేచి ఉండేది కాదు. పిల్లి పళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. అవి చేసిన రంధ్రం పైన త్వరగా మూసుకుపోతుంది, రెండు మూడు రోజులకు లోపల చీముగడ్డ కడుతుంది. కాబట్టి పిల్లి యజమాని కూడా రెండోసారి వెళ్లి అడగాలి.

రెండూ కలబడి ఉన్నప్పుడు మధ్యలో చేయి పెట్టకండి. కుక్క నోట్లోంచి పిల్లిని లాగితే గాయం ఇంకా చీలుతుంది. పెద్ద శబ్దం చేయండి, నీళ్లు కొట్టండి, కుక్క తల మీద మందపాటి దుప్పటి వేయండి. విడిపోయాక ముందు కుక్కను కట్టేయండి. భయపడిన పిల్లి సొంత మనిషిని కూడా కరుస్తుంది. మనిషికి పంటి గాటు పడితే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మనుషులకు సోకే రేబీస్‌లో అత్యధిక భాగం కుక్కల నుంచే వస్తుంది. లక్షణాలు మొదలయ్యాక దాన్ని ఆపే మందు దాదాపు లేనట్టే. టీకా సకాలంలో పడితే మాత్రం ఆపొచ్చు.

ఆ అబ్బాయి తర్వాత చేసిన మార్పు చాలా చిన్నది. కుక్క మెడకు తగిలించే గొలుసును తలుపు లోపలి మేకుకు వేలాడదీశాడు. గొలుసు తగిలించాకే తలుపు తీస్తాడు. బయటి నుంచి వచ్చేటప్పుడు, కుక్కను లోపలి గదిలోకి పంపమని ముందే భార్యకు ఫోన్ చేస్తాడు. కుక్క బయట ఉండే వేళలు టీచర్ గారికి చెప్పాడు. ఆవిడ ఆ వేళల్లో కిటికీ మూస్తుంది.

మీ పక్కింట్లో పిల్లి ఉంటే, మీ ఇంట్లో కుక్క ఉంటే, ఏ గొడవా జరగకముందే ఒకసారి వెళ్లి మాట్లాడండి. ఫోన్ నంబర్లు తీసుకోండి. రాత్రిపూట కూడా చూసే పశువుల డాక్టరు ఎక్కడున్నారో ఇద్దరూ తెలుసుకుని ఉంచుకోండి. మీ కుక్క టీకాల కార్డును ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కాటు పడిన పిల్లిని తీసుకెళ్తే, ఆ కుక్కకు రేబీస్ టీకా వేయించారా, ఎప్పుడు వేయించారు అని డాక్టరు అడుగుతారు. రెండోసారి వెళ్లి అడిగేటప్పుడు ఆ ఫోటో కూడా వాళ్లకు పంపండి.

సెలవు. నమస్కారం.