లేడీ మాక్‌బెత్ గౌనుకు జీరంగి రెక్కలు

అందరికీ నమస్కారం. షేక్‌స్పియర్ నాటకాల్లో గుర్తుండిపోయిన నటులు, వాళ్ల కాస్ట్యూమ్‌ల గురించి మాట్లాడమన్నారు. పేర్ల జాబితా చదివితే ఇంటికెళ్లేసరికి ఎవరికీ ఒక్కటీ గుర్తుండదు, అందుకని మాక్‌బెత్ నాటకంలో రాజును చంపమని మొగుణ్ని ఉసిగొల్పే భార్య లేడీ మాక్‌బెత్‌గా వేసిన ఇద్దరిని మాత్రమే తీసుకుంటాను, అందులోనూ ఎక్కువసేపు ఒక్క గౌను దగ్గరే ఆగుతాను.

1888 డిసెంబరు చివర్లో లండన్ లైసియం థియేటర్లో దాన్ని నడిపే నటుడు హెన్రీ ఇర్వింగ్ మాక్‌బెత్ నాటకం వేశాడు. లేడీ మాక్‌బెత్ ఎలెన్ టెర్రీ. ఆవిడ ఈ పాత్రను రాక్షసిగా చూడలేదు, మొగుడంటే ప్రాణం పెట్టే మనిషిగా చూసింది. మరి అంత మెత్తగా నటిస్తే, ఈమె దగ్గర ప్రమాదం ఉందని చూసేవాళ్లకు ఎలా తెలియాలి? నా ఉద్దేశంలో ఆ పని గౌను చేసింది.

డిజైన్ ఆలిస్ కామిన్స్ కార్‌ది, తయారుచేసింది ఏడా నెటిల్‌షిప్. చూడ్డానికి మెత్తటి గొలుసు కవచంలా ఉండాలి, పాము పొలుసుల్లానూ అనిపించాలి, ఇదీ ఆలిస్ కోరిక. ఆకుపచ్చ పట్టుదారం, నీలం తళుకుదారం కలిపి పేనిన దారంతో క్రోషే అల్లారు. తీరా చూస్తే స్టేజీ మీదకి ఆ మెరుపు చాల్లేదు. అప్పుడు దాని మీద వెయ్యి దాకా నిజమైన పురుగు రెక్కలు కుట్టారు. మన పల్లెల్లో పిల్లలు అగ్గిపెట్టెలో పెట్టుకుని తుమ్మాకు వేసి పెంచే జీరంగి ఉంటుంది చూశారూ, ఆ జాతి పురుగుల రెక్కల మీది పచ్చటి పెంకులే అవి. ఈ రెక్కల కుట్టుపని మన దేశంలో పాతదే, 19వ శతాబ్దంలో మస్లిన్ బట్టల మీద ఇలా కుట్టి యూరప్‌కి పంపేవాళ్లు.

ఇర్వింగ్ థియేటర్లో వెలుగు ఎక్కువగా గ్యాస్ దీపాలది. అది నిలకడగా ఉండదు, సన్నగా అదురుతూ ఉంటుంది. ఆ వెలుతురులో ఆమె కాస్త పక్కకి తిరిగితే చాలు, ఒక పెంకు పచ్చగా, దాని పక్కది నీలంగా మెరుస్తుంది. ముఖంలో ప్రేమ, ఒంటి మీద పాము! వెనక వరసలో కూర్చున్నవాడికి ముఖం సరిగ్గా కనబడకపోయినా ఈ రెండోది కనబడుతుంది.

చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ 1889లో ఆ గౌనులో ఆమె బొమ్మ వేశాడు, టేట్ మ్యూజియంలో ఉంది. అందులో ఆమె కిరీటాన్ని తలపైకి ఎత్తి పట్టుకుని ఉంటుంది, నాటకంలో అలాంటి సీనే లేదు. గౌను మాత్రం కెంట్‌లోని స్మాల్‌హైత్‌లో, ఆమె ఇంట్లోనే భద్రంగా ఉంది. 2011లో పూర్తయిన మరమ్మతుకు దాదాపు 1,300 గంటలు పట్టింది. విరిగిన పెంకుల వెనక సన్నటి జపాన్ కాగితం పెట్టి, గోధుమ పిండి జిగురుతో ఒక్కొక్కటీ అతికించారు. ఆ ఓపికకు దండం పెట్టాలి.

ఇక రెండో ఆవిడ జూడీ డెంచ్. 1976, షేక్‌స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో ది అదర్ ప్లేస్ అనే రేకుల షెడ్డు థియేటర్, దర్శకుడు ట్రెవర్ నన్. ఇక్కడ ఆమెకు సాదా నల్ల గౌను, తలకి కట్టుకున్న నల్ల గుడ్డ, అంతే. దీన్ని చూసి అసలు కాస్ట్యూమే లేదు కదా అనేవాళ్లున్నారు, నేను అస్సలు ఒప్పుకోను. అంత నలుపులో మనిషి ఒళ్లు మాయమైపోతుంది, ముఖం, రెండు చేతులు మిగులుతాయి. హత్య తర్వాత ఆమె నిద్రలో నడుస్తూ చేతులు కడుక్కునే సీనంతా ఆ చేతులదే కదా, కడిగినా పోని రక్తం ఉన్నది వాటి మీదే! పైగా ప్రేక్షకులు నాలుగడుగుల దూరంలో కూర్చున్నారు. అంత దగ్గర్లో జీరంగి రెక్కలు మెరిస్తే జనం గౌనునే చూస్తారు, ఆమెను చూడరు. లైసియంలో ఈ నల్ల గౌను వేస్తే మూడో వరస దాటాక మనిషే కనబడదు. అందుకే డిజైన్ చేసేవాళ్లు మొదట బట్టల షాపుకి కాదు, ఖాళీ హాలుకి వెళ్లి ఆఖరి కుర్చీలో కూర్చోవాలంటాను.

డెంచ్ నాటకాన్ని తర్వాత టీవీ కోసం కూడా తీశారు. దొరికితే నిద్రలో నడిచే సీను ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.