తోతాపురి పాట, ముప్పై సెకన్లు

శ్రోతలకు నమస్కారం.

కొత్త పాట ఒకటి బాగుంది, వినండి అని ఎవరికైనా చెప్పి చూడండి. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ సినిమాలోది?" ఏ సినిమాలోదీ కాదండీ అన్నామా, ముఖంలో ఉత్సాహం సగం తగ్గిపోతుంది. "ఓహో, ప్రైవేటు పాటా!" అంటారు. హీరో లేడు, థియేటరు లేదు, ఇంక వినడానికి ఏముంది అన్నట్టు.

ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ ప్రైవేటు పాటల గురించే. ఇప్పటి పిల్లలు ఇండీ మ్యూజిక్ అంటున్నారు. సినిమా అండ లేకుండా, పెద్ద కంపెనీ పెట్టుబడి లేకుండా, తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, తామే రికార్డు చేసుకుని, తామే విడుదల చేసుకునే పాట. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. వినేవాణ్ణి, అంతే. అభిమాని మాటల్లో కాస్త అతి ఉంటుంది, సర్దుకోండి.

నిజానికి సినిమాతో పనిలేని పాటను తెలుగువాళ్ళ ఇళ్ళలోకి తెచ్చింది రేడియోనే. లలిత గీతాలు ఏ సినిమాలోవి చెప్పండి! 'ఈ మాసపు పాట' అని ఒకే పాటను నెల పొడుగునా వినిపించేవారు. నెల తిరిగేసరికి వంటింట్లో అమ్మకు పల్లవి వచ్చేసేది, పెరట్లో అక్కకు చరణం వచ్చేసేది. ఒక పాటకు అంత ఓపిగ్గా చోటిచ్చిన రోజులవి. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఇక తిరుపతివాళ్ళకు, గాయకుడి ఎదురుగా కూర్చుని పాట వినడం కొత్తేమీ కాదు. కొండమీద నాదనీరాజనం వేదిక ఉంది. కింద మహతి ఆడిటోరియం ఉంది, అన్నమాచార్య కళామందిరం ఉంది. అన్నమయ్య సంకీర్తనల సంగతే చూడండి. రాగిరేకుల మీద మాటలున్నాయి, రాగం పేరుంది, స్వరం లేదు. అంటే పాట దొరికింది కానీ పాడే తీరు దొరకలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి పెద్దలు కూర్చుని కొత్తగా బాణీలు కట్టారు. ఆ తర్వాత గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు ఒక్కరే ఆరువందలకు పైగా సంకీర్తనలకు స్వరాలు కూర్చారు. 2025 మార్చిలో, ఈ ఊళ్ళోనే, ఆయన కన్నుమూశారు. ఆ బాణీలు ఇప్పుడు మనకు ఎప్పటినుంచో ఉన్నట్టు అనిపిస్తాయి. కానీ మొట్టమొదటిసారి ఒక సభలో వినిపించినప్పుడు అవీ కొత్త పాటలే. ఆ సాయంత్రం అక్కడ కూర్చున్నవాళ్ళను తలుచుకుంటే నాకు అసూయ.

అలాంటి మొదటిసారి ఒకటి నాకూ దొరికింది. టైము తక్కువ కాబట్టి మిగతావన్నీ తగ్గించుకుని ఇదొక్కటి పూర్తిగా చెబుతాను.

మామిడి సీజను అప్పుడే అయిపోయింది. తిరుపతిలో ఒక హోటలు మిద్దెమీద కచేరీ. వంద కుర్చీలు వేస్తే సగం నిండాయి. అందులోనూ సగం మంది పాడేవాళ్ళ బంధువులే. చిత్తూరు వైపు కుర్రాళ్ళు నలుగురు. ఒకడికి గిటారు, ఒకడికి బేసు గిటారు, ఒకడికి కీబోర్డు. నాలుగో అబ్బాయి చేతిలో పలక. గంగమ్మ జాతరలో వాయిస్తారే, ఆ తోలు పలక. సాయంత్రం చినుకు పడి చర్మం మెత్తబడిందట. కచేరీ మొదలవబోతుంటే ఆ అబ్బాయి కనబడలేదు. చూస్తే కింద హోటలు వంటగదిలో, దోసెల పొయ్యి పక్కన నిలబడి, పలకను తిప్పి తిప్పి కాగబెట్టుకుంటున్నాడు. దోసె మాస్టరు వాడికి చోటిచ్చి పక్కకు జరిగాడు.

పాట తోతాపురి మామిడికాయల గురించి. మన చిత్తూరు జిల్లాలో జూన్, జూలై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరడం మీరు చూసే ఉంటారు. కాయ కోసి, లోడు ఎత్తి, గేటు దాకా తెచ్చాక మొదలవుతుంది ఎదురుచూపు. ఎండకు కాయ మెత్తబడుతూ ఉంటుంది, ధర పడిపోతూ ఉంటుంది. ఆ వరసలో, ట్రాక్టరు కింద గోనెపట్ట పరుచుకుని పడుకున్న తండ్రికి కొడుకు అన్నం క్యారియరు తీసుకుపోతాడు. అంతే కథ. పల్లవి ఒకే ఒక్క మాట. "క్యూ కదిలెనా నాయనా?"

ఆ మాట వెంటనే రాదు. ముందు పలక. పలక ఒక్కటే. ఒక దెబ్బ. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒక దెబ్బ. మళ్ళీ ఏమీ లేదు. దాదాపు రెండు నిమిషాలు ఇదే వరస. నా ముందు కూర్చున్నాయన ఫోను తీశాడు. పక్కన ఒకామె "ఏమిరా, పాడరా వీళ్ళు?" అని కొడుకును అడిగింది. నాకూ విసుగొచ్చింది. కుర్చీలు కిర్రుమంటున్నాయి. అప్పుడు, పూర్తిగా విసిగిపోయాక, గిటారు అబ్బాయి మెల్లగా అడిగాడు: "క్యూ కదిలెనా నాయనా?"

అప్పుడు తెలిసింది. ఆ రెండు నిమిషాలు మమ్మల్ని కూడా క్యూలో నిలబెట్టారు వాళ్ళు!

రెండో చరణంలో కరెంటు పోయింది. స్పీకర్లు మూగబోయాయి, కీబోర్డు ఆగిపోయింది. పలకకు కరెంటుతో పనేముంది, అది నడుస్తూనే ఉంది. పాడే అబ్బాయి మైకు వదిలేసి కుర్చీల మధ్యకు వచ్చాడు. చీకట్లోనే పల్లవి ఎత్తుకున్నాడు: "క్యూ కదిలెనా నాయనా?" వెనక వరసలోంచి ఒక పెద్దాయన, తువ్వాలు భుజాన వేసుకుని, ఉన్నట్టుండి జవాబు చెప్పాడు. "కదల్లేదురా."

పాటలో జవాబు లేదు. తండ్రి మాట్లాడడు, అలా రాసుకున్నారు. ఆ అబ్బాయి ఒక్క క్షణం ఆగాడు. ఆయన వైపు తిరిగి మళ్ళీ అడిగాడు. ఆయన మళ్ళీ చెప్పాడు. ఈసారి ఆయనతో పాటు ఇంకో పదిమంది. తర్వాత అందరం. కదిలెనా నాయనా? కదల్లేదురా. కదిలెనా నాయనా? కదల్లేదురా. లైట్లు వెలిగేదాకా అదే నడిచింది. లైట్లు వెలిగాక ఆ పెద్దాయన సిగ్గుపడి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. పేరు అడగలేదు నేను. కాయలు తోలిన మనిషని మాత్రం చూడగానే తెలిసింది.

కొన్ని నెలలకు ఆ పాట విడుదలైంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆత్రంగా నొక్కాను. జవాబు ఉంది! ఎవరో పెద్దవాళ్ళ చేత చెప్పించి, "కదల్లేదురా" అనే మాట పాటలో చేర్చుకున్నారు. మిద్దెమీద పుట్టిన మాట రికార్డులోకి ఎక్కింది. కచేరీకి వెళ్ళడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. వినడానికి వచ్చినవాళ్ళు పాటను కాస్త రాసి పోతారు.

కానీ మొదట్లో ఉన్న పలక లేదు. రెండు నిమిషాల ఎదురుచూపు పోయి నాలుగు దెబ్బలు మిగిలాయి. ఐదో దెబ్బకే గొంతు వచ్చేసింది. తర్వాత కనబడినప్పుడు ఆ బృందంలో ఒక అబ్బాయిని అడిగాను, "ఏమయ్యా, ప్రాణం తీసేశారే" అని. వాడు నవ్వి, "ముప్పై సెకన్లు దాటాల అన్నా. అంతలోపల గొంతు రాకపోతే జనం తోసేస్తారు. తోసేస్తే లెక్కకే రాదు" అన్నాడు.

ఆ లెక్క ఏమిటో చెబుతాను. ఫోనులో పాటలు వినిపించే స్పాటిఫై లాంటి చోట ఒక పాటను కనీసం ముప్పై సెకన్లు వింటేనే ఒకసారి విన్నట్టు. ఇరవై తొమ్మిదో సెకనులో తోసేసి వేరే పాటకు పోతే విననట్టే. 2024 నుంచి ఇంకొకటి కూడా ఉంది. పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు వినబడని పాటకు అక్కడ పైసా లెక్క కట్టరు. సినిమా పాటకు వెయ్యి అంటే కళ్ళు మూసి తెరిచేంతలో అయిపోతుంది. మిద్దెమీద యాభైమంది ముందు పాడే కుర్రాళ్ళకు వెయ్యి చిన్న సంఖ్య కాదు. అందుకని పలకను కోసేశారు. పాటకు అది నష్టమే అని నా అభిప్రాయం, మార్చుకోను. కానీ స్టూడియో అద్దె కట్టింది వాళ్ళు, నేను కాదు.

ఇంకో దారి తొక్కినవాళ్ళూ ఉన్నారు. ఢిల్లీలో ఇండియన్ ఓషన్ అనే బృందం 1990లో మొదలైంది. వాళ్ళ 'డెజర్ట్ రెయిన్' స్టూడియోలో చేసింది కాదు, కచేరీలో పాడింది పాడినట్టు విడుదల చేసిన ఆల్బం. 2010లో ఇంకా విచిత్రమైన పని చేశారు. కరోల్‌బాగ్‌లో తాము సాధన చేసుకున్న పాత ఇంటి చిరునామానే ఆల్బం పేరుగా పెట్టుకున్నారు, '16/330 ఖజూర్ రోడ్' అని. ఏడు పాటలు. నెలకొక పాట చొప్పున తమ వెబ్‌సైటులో ఉచితంగా ఇచ్చేశారు. ఆ పాటల్లో వినిపించే గొంతుల్లో ఒకటి, తబలా అషీమ్ చక్రవర్తివి. ఆయన 2009 డిసెంబరులోనే పోయారు. పాటలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే అభిమానులు ఎలా విని ఉంటారో మీరే ఊహించుకోండి. పాట ఉచితంగా ఇచ్చేస్తే తిండి ఎలాగంటారా? వాళ్ళకు అన్నం పెట్టేది కచేరీ. నెలకొక పాట అన్నప్పుడు నాకు మన రేడియో 'ఈ మాసపు పాట' గుర్తొచ్చింది.

మన కుర్రాళ్ళకు ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? కచేరీలు ఉంటే కదా! మనమేమో పెద్ద కచేరీ కావాలంటే చెన్నైకో బెంగళూరుకో పోతాం. చెన్నైలో పాట మంచి పట్టులో ఉండగా మాధవరంలో తిరుపతి బస్సు దొరుకుతుందో లేదోనని టెన్షన్. చివరి పాట సగంలో లేచి పరుగు. ఊళ్ళో మిద్దెమీద ఉన్నదాన్ని మాత్రం "ఎవరో పిల్లోళ్ళులే" అనుకుంటాం.

సరే, పనికొచ్చే మాట ఒకటి. కొత్త బృందం పాట నచ్చితే దయచేసి ఆ ఫైలును వాట్సాప్‌లో పంపకండి. లింకు పంపండి. ఫైలు పంపితే మీ చుట్టాలు నలభైమంది విన్నా ఎక్కడా లెక్కలోకి రాదు. లింకు పంపితే ప్రతి చెవీ లెక్కే. ఫైలు కాదు, లింకు. ఇంకోసారి చెబుతున్నాను, ఫైలు కాదు, లింకు. ఎవరైనా మీకు లింకు పంపితే, నచ్చినా నచ్చకపోయినా ముప్పై సెకన్లు ఓపిక పట్టండి. కాఫీ పొంగేలోపు అయిపోతుంది. ప్రపంచమంతటా కొత్త పాటలు ఎక్కువగా శుక్రవారం విడుదలవుతాయి, 2015 నుంచి అదొక పద్ధతి. మనకేమో శుక్రవారం అంటే కొండమీద అభిషేకం. కాబట్టి వారం మరిచిపోయే భయం లేదు.

ఇక కచేరీకి వెళ్ళేవాళ్ళకు. పోస్టరు మీద ఆరింటికి అని ఉంటే ఆరింటికే వెళ్ళండి. రాత్రి పది దాటాక బయట మైకు మోగకూడదని చట్టం, మీకోసం పొడిగించరు. ముందు వరస కోసం తోసుకోవద్దు. అక్కడ గిటారు స్పీకరు ఒక చెవిలో, డ్రమ్ములు ఇంకో చెవిలో పడతాయి, పాట పడదు. వెనక ఎక్కడో వైర్ల మధ్య ఒక బల్ల, బల్ల మీద బోలెడు మీటలు, ఒక మనిషి ఉంటారు. సౌండు చూసే మనిషి. పాట ఎలా వినబడాలో ఆయన అక్కడ నిలబడి తన చెవితో సరిచూసుకుంటాడు. ఆయన పక్కన నిలబడితే అదే పాట మీకూ వినబడుతుంది. ఆయన కాస్త చిరాగ్గా చూస్తాడు, పట్టించుకోకండి. ఆ బల్ల మీద కాఫీ కప్పు మాత్రం పెట్టకండి.

సెలవు. నమస్కారం.