ఫోను లాక్కునే ముందు

అమ్మలకూ, అయ్యలకూ, మనవల్ని పెంచుతున్న మామ్మలకూ, తాతలకూ నమస్కారం.

మన శ్రీకాకుళం తీరంలో ఎందరో తండ్రులు చేపల వేటకని గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిపోతారు. కూలిపనికి చెన్నై, హైదరాబాద్ పోయేవాళ్లూ ఉన్నారు. నెలల తరబడి ఇంట్లో మిగిలేది మామ్మ, మనవడు, నాన్నతో మాట్లాడటానికి కొన్న ఫోను. ఆట వచ్చి కూర్చునేది ఆ ఫోనులోనే.

ఆడే ప్రతి పిల్లవాడూ రోగి కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్, అంటే ఆట వ్యసనం, ఉంది, కానీ అందులో గంటల లెక్క లేదు. ఆపుదామన్నా ఆపలేకపోవడం, తిండికీ చదువుకీ స్నేహాలకీ ముందు ఆటే రావడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం. సాధారణంగా ఏడాదిపాటు ఇలా సాగి బతుకు దెబ్బతింటేనే దాన్ని జబ్బంటారు.

మొదట పోయేది నిద్ర. అర్ధరాత్రి దాకా ఆడిన గుంటడికి పొద్దున్న పాఠం బుర్రకెక్కదు. "అన్నం తిను నాన్నా" అన్నా విసుక్కుంటాడు. మార్కులు తగ్గుతాయి, తిట్లు పెరుగుతాయి, ఆ తిట్లు మరవడానికి మళ్లీ ఆటలో దూరతాడు. నాకు అన్నిటికన్నా భయం ఈ సుడి అంటేనే. ఎందుకంటే లోపలున్న దిగులు మనకి పొగరులా కనిపిస్తుంది, ఇంకో రెండు దెబ్బలేస్తాం.

ఆటని అల్లిన తీరు కూడా అలాంటిదే. బహుమతి ఎప్పుడొస్తుందో తెలియనివ్వరు, వచ్చేసారి వస్తుందన్న ఆశే కదలనివ్వదు. జట్టుగా ఆడేటప్పుడు మధ్యలో లేస్తే తోటివాళ్లు ఓడిపోతారు. గెలిస్తే అక్కడ మెచ్చుకుంటారు. ఇంట్లో వాణ్ణి చివరిసారి ఎప్పుడు మెచ్చుకున్నాం?

2020లో పబ్‌జీని నిషేధిస్తే పిల్లలు ఇంకో ఆటకి మారారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2025లో కేంద్రం చట్టం తెచ్చింది, అది కావలసిందే. అయితే గెలవాలన్న దాహం చట్టంతో పోదు, పోనక్కర్లేదు కూడా. మన ఆమదాలవలసలో బరువులెత్తిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ నుంచి కాంస్యం తెచ్చింది. మన పిల్లల దాహమూ అటు మళ్లేలా సాయంత్రం బడి మైదానం తాళం తీయించండి. దూరాన ఉన్న తండ్రులు ఫోన్‌లో "చదివావా?" అని కాక "ఈవేళ ఎవరితో ఆడావురా?" అని అడగండి. ఫోను ఒక్కసారిగా లాక్కోకుండా, వాడితో మాట్లాడి వేళలు పెట్టండి. పడుకునేటప్పుడు అది మామ్మ దగ్గరుండాలి.

ఫోను తీసేస్తే చచ్చిపోతానని పిల్లవాడంటే బెదిరింపనుకోకండి. ఒంటరిగా వదలకండి. మనసు బాధలకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ ఉంది, 14416కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.