పిడికెడు బియ్యం ముంత

(దృశ్యం: పొయ్యి పక్కన చిన్న మట్టి ముంత. ఒక చెయ్యి చేటలోంచి పిడికెడు బియ్యం తీసి అందులో వేస్తుంది.)

అందరికీ వందనాలు.

ఇది మా అమ్మమ్మ ముంత. పూటపూటకూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి ఇందులో వేసేది. ఆదివారం కొంగు కప్పి చర్చికి తీసుకెళ్లేది. కూలి దొరకని వారం ముంత సగమే నిండేది, కానీ ఇంట్లో ఉండిపోయేది కాదు. ఆ బియ్యం ఊరూరా తిరిగే ఉపదేశి ఇంటికి, దిక్కులేని ముసలివాళ్లకు పోతుందని ఆమెకు తెలుసు.

ఇప్పుడు హన్మకొండలో మా చర్చిలో ఆదివారం కుర్చీలు చాలవు. సౌండ్ సిస్టం కొత్తది. అయినా ఆరాధన అయ్యాక పెద్దలు నలుగురు కూర్చుంటే ఒకటే మాట: "ఏదో తగ్గిందయ్యా."

(దృశ్యం: రైలు కిటికీలోంచి పొలాలు. డోర్నకల్ జంక్షన్ బోర్డు.)

వరంగల్ నుంచి ఖమ్మం వైపు రైలెక్కితే డోర్నకల్ వస్తుంది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు వి.ఎస్. అజరయ్య 1909లో ఇక్కడికి సేవకు వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలీలు. వాళ్లతో ఆయన ఒక పని చేయించేవారు. ఎవరి చెయ్యి వాళ్ల తల మీద పెట్టుకుని, బైబిల్లో అపొస్తలుడు పౌలు అన్న మాటను తమ మాటగా పలకాలి: నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త ప్రకటించకపోతే అయ్యో, నాకు శ్రమ.

ఒక్కసారి ఊహించుకోండి. అక్షరం రాని కూలీ, నిన్నటిదాకా దొర ముందు తలెత్తని మనిషి, తన తల మీద తనే చెయ్యి పెట్టుకుని "ఈ పని నాది" అంటున్నాడు. మనం పోగొట్టుకున్నది ఇదే అని నేను నమ్ముతున్నాను. సేవ అంటే పాస్టర్ గారి పని, మనది కానుక వేసి ఇంటికి పోవడం అన్నట్టు అయిపోయింది.

(దృశ్యం: లెక్కల పుస్తకం, ఎర్ర పెన్ను.)

మా కమిటీలో ఏడాది లెక్కలు ముందు పెట్టుకుని, చర్చి గేటు బయటివాళ్ల కోసం పెట్టిన ఖర్చు కింద ఎర్ర గీత గీశాం. మూడు పేజీలు తిప్పితే రెండు గీతలు. క్రిస్మస్ దుప్పట్లు ఒకటి, వైద్య శిబిరం ఒకటి. ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత ప్రతి కుటుంబం తమకు తెలిసిన ఒక మనిషి పేరు రాసింది, ఆ మనిషి కష్టంతో సహా. భర్త మస్కట్ పోయి, ఏజెంటు అప్పు మీద పడిన జగిత్యాల చెల్లెలు. నైమ్‌నగర్ హాస్టల్లో టెన్షన్‌తో నిద్రపట్టని ఇంటర్ పిల్లవాడు. ఇలాంటి పేర్లు వచ్చాయి. వాళ్లు మన చర్చికి రావాలన్న షరతు పెట్టొద్దని గట్టిగా అనుకున్నాం. సాయం ఎర అయితే అది సువార్త కాదు.

స్త్రీల సమాజం వాళ్లు ముంతలు మళ్లీ పెట్టారు. శనివారం ఆ బియ్యం వండి, ఎంజీఎం ఆసుపత్రిలో రోగులకు తోడుగా వచ్చినవాళ్లకు సద్ది పట్టుకెళ్తున్నారు.

(దృశ్యం: సాయంత్రం, ఆసుపత్రి గోడ పక్కన. ఒక అక్క మూత తీసి, "అన్నం వేడిగనే ఉంది, తినుండ్రి" అంటుంది.)